యూరప్ ఇళ్ల అందాన్ని మన ఇంటికి తెచ్చుకోవడం ఎలా?

మూడేళ్ల కిందట స్టాక్‌హోమ్‌లోని ఒక ఇంటి ఫొటో చూసి మా హాలు మొత్తానికి తెల్ల రంగు వేయించాను. తెల్ల గోడలు, తెల్ల కర్టెన్లు, సోఫా ముందు తెల్లటి ఊలు రగ్గు. ఫొటోలో ఆ గది వెన్నముద్దలా ఉంది. మాదేమో హైదరాబాద్‌లో పడమటి బాల్కనీ ఉన్న ఫ్లాట్. ఏప్రిల్ వచ్చేసరికి మధ్యాహ్నం మూడింటికి హాల్లో కళ్లు తెరవలేకపోయాం. రగ్గు రెండు నెలల్లో టీ రంగుకు తిరిగింది. స్విచ్‌బోర్డుల చుట్టూ చేతి మరకలు సరేసరి. చివరికి మా అమ్మ ఆ రగ్గును చుట్టి అటకెక్కించింది, ఇప్పటికీ దిగలేదు.

ఆ ఇంట్లో ఏమేం ఉన్నాయో చూశాను కానీ, అవి అక్కడ ఎందుకున్నాయో చూడలేదు. ఆ తర్వాత నేను నేర్చుకున్న పద్ధతి ఇది.

1. ముందు ఆ ఊరి ఎండ సంగతి కనుక్కోండి

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ దాదాపు 56 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబర్‌లో అక్కడ పగలు ఏడు గంటలే. మన హైదరాబాద్‌లో చలికాలంలోనూ పదకొండు గంటల వెలుతురు ఉంటుంది. వాళ్లు గోడలకు తెలుపు వేసినా, కిటికీలకు పరదాలు లేకుండా వదిలేసినా, దొరికిన ఆ కాస్త వెలుగును గది చివరిదాకా పాకించడానికే. డెన్మార్క్ చిత్రకారుడు విల్‌హెల్మ్ హామర్‌షోయ్ కోపెన్‌హాగన్‌లో తాను అద్దెకున్న ఇంటి గదులనే మళ్లీ మళ్లీ గీశాడు. ఆ బొమ్మల్లో కిటికీలోంచి నేల మీద పడే పలచటి వెలుగును చూస్తే, అక్కడ ఎండ ఎంత అపురూపమో తెలిసిపోతుంది.

మనకు వెలుగు కరువు లేదు, ఉన్నదాన్ని ఆపుకోవడమే కష్టం. అందుకే నన్నడిగితే స్వీడన్ కంటే ముందు స్పెయిన్, గ్రీస్, పోర్చుగల్ వైపు చూడమంటాను. స్పెయిన్‌లోని కోర్డోబాలో వేసవిలో 40 డిగ్రీలు దాటే రోజులు మామూలే. అక్కడి పాత ఇళ్లకు నడిమధ్య పాటియో అనే ఆకాశం కనిపించే వాకిలి, దాని చుట్టూ గదులు, సున్నం కొట్టిన గోడలు, ఆ గోడల నిండా పూలకుండీలు ఉంటాయి. ఎత్తులో ఉన్న కుండీలకు పొడవాటి కర్ర చివర డబ్బా కట్టి నీళ్లు పోస్తారు. ఏటా మే నెలలో ఈ వాకిళ్లను ఊరందరికీ తెరిచి పండగ చేస్తారు. 2012లో యునెస్కో దాన్ని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ ఫొటోలు చూడగానే గోదావరి జిల్లాల మండువా లోగిలి గుర్తొస్తే ఆశ్చర్యమేం లేదు. రెండు చోట్లా ఎండే మేస్త్రీ.

2. మనుషులు బతికిన ఇళ్లను చూడండి

ఫోన్‌లో కనిపించే డెకార్ ఫొటోల్లో ఎక్కువ భాగం అమ్మకానికో, షూటింగుకో సర్దినవి. వాటిలో చెప్పుల స్టాండు ఉండదు, ఆరేసిన తువ్వాలు ఉండదు, సీలింగ్ ఫ్యాన్ అసలే ఉండదు. అదే మ్యూజియంలుగా ఉంచిన ఇళ్లలో అయితే ప్రతి వస్తువుకీ ఓ కారణం దొరుకుతుంది. వీటి వెబ్‌సైట్లలో గదుల ఫొటోలుంటాయి, టికెట్టూ వీసా అక్కర్లేదు.

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో 1924లో కట్టిన రీట్‌వెల్డ్ ష్రోడర్ ఇల్లు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లలో ఉండేవాళ్లు తప్పక చూడాలి. ముగ్గురు పిల్లల తల్లి ట్రూస్ ష్రోడర్, డిజైనర్ గెరిట్ రీట్‌వెల్డ్ కలిసి ఆలోచించి కట్టిన ఇల్లది. పై అంతస్తులో జరిపే తలుపులున్నాయి. పగలు వాటిని తోసేస్తే అంతా ఒకటే హాలు, రాత్రి మూస్తే ఎవరి గది వాళ్లది. చుట్టాలొచ్చినప్పుడు హాల్లో చాపలు పరిచే మనకు ఇంతకంటే పనికొచ్చే ఆలోచన ఏముంటుంది? పార్టిషన్‌కు డబ్బు లేకపోతే పైన ఒక రాడ్డు వేసి మందపాటి నూలు పరదా వేలాడదీసినా చాలు.

స్వీడన్‌లోని సుండ్‌బోర్న్‌లో చిత్రకారుడు కార్ల్ లార్షన్, ఆయన భార్య కారిన్‌ల ఇల్లుంది. గోడల మీద బొమ్మలు ఆయనవి, నేసిన బట్టలు, కొన్ని ఫర్నిచర్ డిజైన్లు ఆమెవి. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు ధారాళంగా వాడారు. స్వీడన్ అంటే తెలుపే అనుకున్న నాలాంటివాళ్లకు ఆ ఇల్లు మంచి మందు.

ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఉన్న కెటిల్స్ యార్డ్ నాకు అన్నిటికంటే ఇష్టం. జిమ్ ఈడ్, హెలెన్ దంపతులు 1957లో నాలుగు పాత చిన్న ఇళ్లను కలిపి అక్కడ కాపురం పెట్టారు. లోపల గొప్ప గొప్ప చిత్రాలున్నాయి, వాటి పక్కనే నున్నటి గులకరాళ్లను శంఖంలా చుట్టలు తిప్పి పేర్చారు. ఒకచోట తగరపు పళ్లెంలో ఒకే ఒక్క నిమ్మకాయ ఉంటుంది. దగ్గర్లో వేలాడే, స్పెయిన్ చిత్రకారుడు మిరో గీసిన చిత్రంలోని పసుపు చుక్కకు అది జోడీ. ఆ ఇంటికి వెళ్లినవాళ్లు కుర్చీల్లో కూర్చోవచ్చు కూడా. పిల్లలు లండన్‌లోనో కేంబ్రిడ్జ్‌లోనో చదువుతుంటే, ఈసారి వెళ్లినప్పుడు ఓ పూట దీనికి కేటాయించండి.

3. ఒక్క బొమ్మ ముందు పది నిమిషాలు కూర్చోండి

వంద ఫొటోలు సేవ్ చేసుకుంటే తలనొప్పి తప్ప ఏమీ మిగలదు. ఒక్కటే తీసుకుని కాగితం మీద రాయండి. వెలుగు ఎటునుంచి వస్తోంది? ఏది నేలకు ఆనుకుని ఉంది, ఏది వేలాడుతోంది? ఎంత చోటు ఖాళీగా వదిలారు? చేత్తో తాకితే గరుకుగా ఉండేవేవి, నున్నగా ఉండేవేవి?

ఉదాహరణకు 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు వెర్మీర్ గీసిన, పాలు పోస్తున్న పనిమనిషి బొమ్మ తీసుకోండి. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం వెబ్‌సైట్‌లో ఎంత కావాలంటే అంత పెద్దది చేసి చూడొచ్చు. ఎడమవైపు కిటికీ, దాని పక్కన గోడకు వేలాడే బుట్ట, ఇత్తడి పాత్ర. వెనక గోడ ఖాళీ, మేకులు పీకేసిన కన్నాలతో సహా కనిపిస్తుంది. ఇప్పుడు గోడ అడుగున చూడండి. చిన్న చిన్న డెల్ఫ్ట్ పలకలు (డెల్ఫ్ట్ అనే డచ్ ఊరి పేరుతో పిలిచే టైల్స్) ఒక వరస ఉంటాయి, నీలి గీతల బొమ్మలతో. నేల కడిగినప్పుడు గోడ చెమ్మెక్కి పాడవకుండా అతికించేవాళ్లు వాటిని.

అంటే అది స్కర్టింగే! రోజూ తడిగుడ్డ పెట్టే మన ఇళ్లలోనూ ఉన్నదే, కాకపోతే మనం బండ ముక్కతో సరిపెట్టేస్తాం. వంటింట్లోనో బాల్కనీలోనో ఆ ఒక్క వరసకు బొమ్మల టైల్స్ వేస్తే ఖర్చు పెద్దగా పెరగదు, గోడంతా టైల్స్ అతికించినదానికంటే బాగుంటుంది.

4. లైట్లు మార్చండి, ఫర్నిచర్ తర్వాత

తక్కువ ఖర్చుతో ఎక్కువ తేడా కనిపించేది ఇక్కడే. మన హాళ్లలో వెలుగంతా పైనుంచే, ట్యూబ్‌లైటో ఫాల్స్ సీలింగ్ లైట్లో. ఉత్తర యూరప్ ఇళ్లలో సాయంత్రం నాలుగైదు చిన్న దీపాలు వేర్వేరు ఎత్తుల్లో వెలుగుతాయి. కుర్చీ పక్కన ఒకటి, కిటికీ దగ్గర ఒకటి, భోజనాల బల్ల మీద ఒకటి.

డెన్మార్క్ డిజైనర్ పౌల్ హెన్నింగ్‌సెన్ 1920లలోనే ఈ విషయం మీద పడ్డాడు. బల్బు నేరుగా కంట్లో కొట్టకూడదు, వెలుగు మాత్రం బల్ల మీద పరుచుకోవాలి. అందుకని ఒకదాని కింద ఒకటిగా గొడుగుల్లాంటి రేకులు అమర్చాడు. 1958లో వచ్చిన ఆయన పీహెచ్5 దీపం ఇప్పటికీ అమ్ముతున్నారు. అసలుది ఖరీదెక్కువ, నేనూ కొనలేదు. సూత్రం మాత్రం ఉచితమే కదా. కూర్చున్నప్పుడు బల్బు కనపడకూడదు.

ఎల్ఈడీ బల్బు కొనేటప్పుడు పెట్టె మీద కెల్విన్ అంకె చూడండి. 6500 ఉంటే తెల్లటి ట్యూబ్‌లైట్ వెలుగు, 2700 ఉంటే పాతకాలపు పసుపు బల్బు వెలుగు. సాయంత్రాలకు 2700 లేదా 3000 తీసుకోండి. వంటకీ పిల్లల చదువుకీ తెల్ల లైటే ఉంచుకోండి. బల్ల మీద వేలాడే లైటు బల్లకు రెండడుగుల ఎత్తులో ఉంటే చాలు. ఫ్యాన్ సంగతి మాత్రం మరిచిపోవద్దు. రెక్కల కంటే పైన లైటు పెడితే గదంతా నీడలు గిరగిరా తిరుగుతాయి. నేను పెట్టి చూశాను, పావుగంటలో తల తిరిగింది.

5. పేరు మార్చి వెతకండి

స్వీడన్ పల్లెల్లో పాత బట్టలు చీల్చి, ఆ పీలికలతో నేల పట్టాలు నేస్తారు. అది కావాలని ఆన్‌లైన్‌లో వేలు పోయకండి, వరంగల్ జంపఖానా ఆ పనంతా చేస్తుంది, ఇంట్లో ఉతుక్కోవచ్చు కూడా. ఓక్ చెక్కకు బదులు పాత టేకు, బూడిదరంగు రాతి నేలకు బదులు తాండూరు బండ. ఊలు మాత్రం అక్కడే వదిలేయండి.

పూల డిజైన్ కర్టెన్లు, దుప్పట్లు ఇంగ్లిష్ ఇళ్ల ప్రత్యేకత అనుకుంటాం కదా, ఆ చింట్జ్ బట్ట 17వ శతాబ్దంలో ఓడలెక్కి వెళ్లింది కోరమండల్ తీరం నుంచే. మచిలీపట్నం అందులో పెద్ద రేవు. ఉతికినా వెలవని ఆ రంగులకు యూరప్ ఎంత పిచ్చెక్కిందంటే, తమ నేతగాళ్లు దెబ్బతింటారని ఫ్రాన్స్ 1686లో నిషేధం పెట్టి 1759 దాకా ఎత్తలేదు. కాబట్టి లండన్ పూల కర్టెన్లే కావాలనుకుంటే పెడనకు వెళ్లి కలంకారీ తాను తెచ్చుకోండి. లేత గోడ, ఒకే పెద్ద కలంకారీ పరదా, చుట్టూ ఇంకే డిజైనూ లేకుండా. ఆ నిగ్రహం మాత్రం వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి. మనకు దిండు మీద, దుప్పటి మీద, గోడ మీద, అన్నిటి మీదా పువ్వులు కావాలి.

6. ఒక మూల, ఒక నెల

ఇల్లంతా ఒకేసారి ముట్టుకోవద్దు. ఒక కుర్చీ, ఒక దీపం, ఒక చిన్న బల్ల పట్టే మూల ఎంచుకోండి. ముందు అక్కడున్నవన్నీ తీసేసి రెండు రోజులు ఖాళీగా వదలండి, ఎండ ఏ వేళకు ఎక్కడ పడుతుందో తెలుస్తుంది. తర్వాత ఒక్కొక్కటే పెట్టండి. నెల తర్వాత కూడా ఇంట్లోవాళ్లు ఆ కుర్చీలో కూర్చుంటున్నారంటే సరే, బట్టలు మడతపెట్టేదాకా పడేసే చోటుగా మారిందంటే ఏదో కుదరలేదన్నమాట.

మా ఇంట్లో ఆ మూల కిటికీ పక్కన కుదిరింది. చిన్న టేకు బల్ల మీద ఇత్తడి పళ్లెం, అందులో కెటిల్స్ యార్డ్ వాళ్లలాగే ఒక నిమ్మకాయ. ఆదివారం పులిహోరకు అమ్మ దాన్నే పిండేస్తుంది. సోమవారం ఇంకోటి పెడతాను.