పండుటాకు రాలేముందు చెట్టు ఏం వెనక్కి లాక్కుంటుందో చూడాలంటే

మా ఉదయగిరి వైపు గులకనేలల్లో ఎండాకాలం కూడా పచ్చగా కనబడేది జిల్లేడే. నీళ్లు తక్కువ, నేలలో నత్రజని, భాస్వరం అంతకంటే తక్కువ, అయినా దానికేం టెన్షన్ లేదు, ఎందుకంటే ఒకసారి సంపాదించింది ఊరికే పారేసే రకం కాదది. ఆకు ముదిరాక అందులోని పచ్చదనాన్ని, మాంసకృత్తుల్ని విడగొట్టి, నత్రజని, భాస్వరం, పొటాష్ ఈనెల గుండా కొమ్మలోకి లాగేసుకుంటుంది. చెట్లన్నీ చేసే పనే ఇది. మామూలుగా నత్రజని, భాస్వరాల్లో సగం దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే వెనక్కి వెళ్తుంది. అద్దె ఇల్లు ఖాళీ చేసేవాళ్లు గోడమేకు కూడా పీక్కుపోయినట్టన్నమాట. కాల్షియం మాత్రం కదలదు, ఆకుతోనే రాలిపోతుంది.

నమ్మకపోతే మీరే చూడండి. రోడ్డు పక్కన జిల్లేడు చెట్టొకటి చూసుకుని, అడుగునున్న ముదురాకులు మూడు నాలుగింటి కాడలకు ఎర్రదారం వదులుగా కట్టండి. రెండు మూడు రోజులకోసారి వెళ్లి ఆకును ఎండకు ఎదురుగా పట్టి చూడండి, తెంపకుండా. పసుపు ఎక్కడ మొదలైంది, ఈనెల పక్కన పచ్చదనం ఎన్నాళ్లు మిగిలింది అని గమనించండి. చాలా చెట్ల ఆకుల్లో ఈనెల పక్కదే ఆఖరికి పోతుంది, సరుకు బయటికి వెళ్లే దారి అదే కదా. బాగా పండాక వేలితో తడితే ఊడొస్తుంది, కాడ మొదట్లో చెట్టు ముందే తెగే పొర కట్టేసుకుని ఉంటుంది. పచ్చాకు తెంపితే పాలు బొటబొటా కారతాయి, ఆ చేత్తో కళ్లు నలుపుకోకండి, చాలా ప్రమాదం. గాలివానకు తెగిన పచ్చాకులు కింద పడి ఉంటే అవీ చూడండి, వాటి సరుకు చెట్టుకు దక్కలేదు.

ఇదంతా దేనికంటే, పెరట్లో పనికొస్తుంది. శివరాత్రి అటూ ఇటూ రాలిన వేపాకు ఊడ్చి నేను ఒక ఏడు వంగమొక్కల గుంటల్లో నిండా కుక్కాను, ఎరువే కదా అని. మొక్కలు పసుపెక్కి గిడసబారిపోయాయి. ఎండాకులో నత్రజని తక్కువ, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు కావాల్సింది మట్టిలోంచే లాక్కుంటాయి, మొక్కకు మిగిలేది సున్నా. రాలిన ఆకును నేరుగా గుంటలో వేయకండి, ముందు కుప్పపోసి కుళ్లనివ్వండి. మూడు తట్టల ఎండాకుకు ఒక తట్ట పచ్చాకు, పైన పేడనీళ్లు, పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి, నెలకు రెండుసార్లు తిరగేయడం, అంతే. పచ్చాకు కావాలంటే గట్టు మీద గిరిపుష్పం (గ్లిరిసిడియా) చెట్టు ఆకు లేతగా ఉన్నప్పుడే కోయండి, రాలేదాకా ఆగితే ఆ బలం కొంత చెట్టులోకి వెళ్లిపోతుంది.

ఇంకొకటి. మిరపలో అడుగాకులు ముందు పసుపెక్కితే నత్రజని చాలడం లేదేమో చూసుకోండి, మొక్క పాతాకు నుంచి తీసి చిగురుకు పెడుతోంది. చిగురాకులే ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పాలిపోతే ఇనుము లోపం అయ్యుండొచ్చు, ఇనుము పాతాకులోంచి అంత తేలిగ్గా కదలదు. అప్పుడు యూరియా చల్లి లాభం లేదు.