కొత్త పికప్ ట్రక్కు ముందుభాగాన్ని లేపి, పెద్ద టైర్లు వేసుకోవడం ఎలా?

కొత్త పికప్ ట్రక్కును డీలరు దగ్గరి నుంచి ఇంటి ముందుకు తెచ్చి నిలిపాక, ఒకసారి పక్కకు వెళ్లి చూడండి. వెనుక ఎత్తుగా, ముందు వంగి, నేలను వాసన చూస్తున్నట్టు కనిపిస్తుంది. టెక్సాస్‌లో మా వీధిలో ఉన్న అరడజను ట్రక్కుల్లో సగానికి ఈ వాలు కనిపించదు. వాటి యజమానులు లెవెలింగ్ కిట్ వేయించి ముందుభాగాన్ని లేపుకున్నారు. ఫోర్డ్ ఎఫ్-150 కొన్న నాలుగో నెలలో నేనూ ఆ పని చేశాను. రెండు తప్పులు చేసి, రెండుసార్లు డబ్బు పోసి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఆ వాలు తయారీ లోపం కాదు. ఎడ్లబండికి ధాన్యం బస్తాలు వేసేటప్పుడు బరువు వెనక్కి పోతే కాడి పైకి లేస్తుందని ముందుమొగ్గు చూసుకుని వేస్తారు. ట్రక్కు కంపెనీలు చేసేదీ అదే లెక్క. వెనుక తొట్టిలో వెయ్యి పౌండ్ల సరుకు వేసినా, ట్రెయిలరు తగిలించినా వెనుక భాగం కిందికి దిగి బండి సమంగా నిలవాలని, ఖాళీగా ఉన్నప్పుడు వెనుకను ఎత్తుగా ఉంచుతారు. కాబట్టి కిట్ కొనే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: ఈ బండిలో నేను మోసేది ఏమిటి? వారం వారం పడవనో, క్యాంపింగ్ ట్రెయిలరునో లాగేవారు ఆ వాలును అలాగే ఉంచుకోవడం మేలు. ఆఫీసుకు, కాస్ట్‌కో దుకాణానికి, ఏడాదికి రెండుసార్లు స్నేహితుల ఇల్లు మార్చడానికి మాత్రమే వాడేవారికి దానితో పెద్ద పని లేదు.

కొలతలతో మొదలుపెట్టండి

సమంగా ఉన్న కాంక్రీటు నేల మీద బండిని నిలపండి. టైర్లలో గాలి డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉన్నంత ఉండాలి. తొట్టిలో మీరు ఎప్పుడూ ఉంచే పనిముట్ల పెట్టె, మూత వగైరా అక్కడే ఉండాలి. ఇప్పుడు నాలుగు చక్రాల దగ్గరా రెండు కొలతలు తీయండి. ఒకటి, నేల నుంచి మడ్‌గార్డు అంచు వరకు. రెండోది, చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు. మొదటిది వాలు ఎంతో చెబుతుంది. రెండోది టైరు మారినా మారదు కనుక, పని అయ్యాక బండి నిజంగా ఎంత లేచిందో దానితోనే తెలుస్తుంది. కాగితం మీద తేదీతో రాసి పెట్టుకోండి.

ముందుకు, వెనుకకు తేడా రెండు అంగుళాలు ఉందనుకుందాం. చాలామంది రెండు అంగుళాల కిట్టే కొంటారు. నా సలహా ఒకటిన్నర. మిగిలిన ఆ అర అంగుళం వాలు ఖాళీ బండిలో కంటికి ఆనదు. కానీ వెనుక సీట్లో ముగ్గురు కూర్చుని, తొట్టిలో సామాను పడ్డప్పుడు ముక్కు ఆకాశం వైపు చూడకుండా కాపాడేది అదే. ముక్కు పైకెత్తిన ట్రక్కుల మోజు ఒకప్పుడు కరోలినా ప్రాంతంలో ఎంత ముదిరిందంటే, ముందు మడ్‌గార్డు వెనుకదాని కంటే నాలుగు అంగుళాలు, అంతకు మించి ఎత్తుగా ఉండేలా మార్చిన బండ్లను నార్త్ కరోలినా 2021 డిసెంబరు నుంచి నిషేధించింది. డ్రైవరుకు బానెట్ తప్ప ఎదుటి రోడ్డు కనిపించకపోతే ఇంకేం చేస్తారు?

టైరును ముందు ఎంచుకోండి, కిట్‌ను తరువాత

నా మొదటి తప్పు ఇక్కడే. కిట్ చౌకగా దొరికిందని ముందు అది కొన్నాను. తరువాత నచ్చిన టైరు దానికి పట్టలేదు. బండిని ఎంత లేపాలో, అసలు లేపాలో వద్దో తేల్చేది టైరే.

టైరు మీది అంకెలు చదవడం కష్టమేమీ కాదు. నా బండితో వచ్చింది 275/65ఆర్18. వెడల్పు 275 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 18 అంగుళాలు. 275లో 65 శాతాన్ని రెట్టింపు చేస్తే 357.5. దానికి 18 అంగుళాలు, అంటే 457.2 కలిపితే సుమారు 815 మిల్లీమీటర్లు. అంగుళాల్లో 32కు కాస్త పైన. ఇదే లెక్కలో 275/70ఆర్18 ఎత్తు 842 మిల్లీమీటర్లు, అంటే 33 అంగుళాల పైచిలుకు. వెడల్పు పెరగదు కాబట్టి స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు లోపలి ప్లాస్టిక్‌కు రాసుకునే బెడద తక్కువ. నేను వేసుకున్నది ఇదే. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను చెప్పేదీ ఇదే.

35 అంగుళాల టైర్లు చూడటానికి బాగుంటాయి, కాదనను. కానీ అంతదాకా వెళ్తే ఒట్టి లెవెలింగ్ కిట్ చాలదు. ప్లాస్టిక్ కోయాలి, కొన్ని బండ్లలో రిమ్ములు మార్చాలి, స్టెప్నీ తొట్టి కింద పట్టకపోవచ్చు. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి మూడు చక్రాలు ఒక ఎత్తు, నాలుగోది మరో ఎత్తు ఉంటే గేర్ల మీద భారం పడుతుంది. కాబట్టి టైరు ఎంచుకునే రోజే స్టెప్నీని కిందికి దించి, కొత్త కొలత ఆ చోటులో పడుతుందో లేదో చూడండి.

పెద్ద టైరుకు కట్టవలసిన సుంకాలు ఇంకా ఉన్నాయి. 815 నుంచి 842కి వెళ్లడమంటే ఎత్తు 3.4 శాతం పెరగడం. స్పీడోమీటరు 70 చూపిస్తుంటే మీరు నిజానికి 72.4 మైళ్ల వేగంలో ఉంటారు. పోలీసుకు కనిపించేది రెండో అంకే. గేర్ల బలం కూడా అంతే మేర తగ్గుతుంది. 3.55 గేరు నిష్పత్తి ఉన్న బండి 3.43 ఉన్నదానిలా లాగుతుంది. ఇక బరువు. ట్రక్కుల కోసం చేసే ఎల్‌టీ రకం దళసరి టైరు మామూలుదాని కంటే పది, పదిహేను పౌండ్లు ఎక్కువ తూగడం మామూలే. తిరిగే చోట పెరిగిన ఆ బరువు బ్రేకులకు, బండి వేగం అందుకునే తీరుకు, పెట్రోలు ఖర్చుకు తెలుస్తుంది. రాళ్ల దారుల్లో, పొలాల్లో తిరగనివారు దళసరి టైరు జోలికి పోకుండా అదే ఎత్తులో మామూలు రకం దొరుకుతుందేమో చూడటం మంచిది.

ఎల్‌టీ టైరే వేస్తే, గాలి విషయంలో పాత స్టిక్కరును నమ్మవద్దు. అదే బరువు మోయడానికి ఈ రకానికి ఎక్కువ గాలి కావాలి. టైరు కంపెనీలు ప్రచురించే లోడు పట్టికలో మీ కొలత వెతికి, పాత టైరు స్టిక్కరు గాలి దగ్గర మోసే బరువుకు కొత్త టైరుకు ఎంత గాలి కావాలో చూసి నింపించండి. టైరు మీద రాసిన 80 పీఎస్‌ఐ అత్యధిక హద్దు మాత్రమే. ఖాళీ బండిలో అంత గాలి కొట్టిస్తే వెన్ను విరుగుతుంది.

ఏ బండికి ఏ కిట్?

ఎఫ్-150, సిల్వరాడో 1500, కొత్త ర్యామ్ 1500 వంటివాటికి ముందు స్ట్రట్‌లు, అంటే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన భాగాలు ఉంటాయి. వాటికి స్ట్రట్ నెత్తిన కూర్చునే లోహపు దిమ్మ, అంటే స్పేసర్, చవకైన దారి. దిమ్మ మందం చూసి మోసపోవద్దు. చక్రాన్ని చట్రానికి కలిపే కింది చేయికి (కంట్రోల్ ఆర్మ్‌కు) స్ట్రట్ మధ్యలో ఎక్కడో తగులుతుంది కనుక, ఒక అంగుళం దిమ్మ చక్రం దగ్గర దాదాపు రెండు అంగుళాలు లేపుతుంది. స్ప్రింగును ఇంకాస్త నొక్కిపెట్టే లోపలి దిమ్మలూ ఉన్నాయి. అవి ప్రయాణాన్ని బిరుసు చేస్తాయి, నాకు నచ్చవు. డబ్బు పెట్టగలిగితే బిల్‌స్టీన్ 5100 వంటి, ఎత్తు సర్దుకునే గాడులు ఉన్న కొత్త స్ట్రట్ వేయించుకోవడం మేలు. సిల్వరాడో 2500హెచ్‌డీలో స్ప్రింగు బదులు టోర్షన్ బార్, అంటే మెలిపడి స్ప్రింగులా పనిచేసే కడ్డీ ఉంటుంది, దానికి టోర్షన్ కీ అనే వేరే భాగాలు వస్తాయి. ఎఫ్-250 ఫోర్ వీల్ డ్రైవ్‌కు ముందు కాయిల్ స్ప్రింగు మీద దిమ్మ వేస్తారు. గాలి సస్పెన్షన్ ఉన్న బండ్లకు ఈ దిమ్మలేవీ పనికిరావు.

వారంటీ పోతుందని భయపెట్టేవారు చాలామంది దొరుకుతారు. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, బయటి భాగం వేశారన్న ఒక్క కారణంతో కంపెనీ మొత్తం వారంటీని కాదనలేదు. చెడిపోయినదానికి ఆ భాగమే కారణమైతే ఆ మరమ్మతును కాదనవచ్చు. అంటే ఇంజిన్ వారంటీకి ఢోకా లేదు, ముందు ఇరుసు జాయింటు అరిగితే మాత్రం వాదన తప్పదు. లీజు బండి అయితే ముందు ఒప్పందం చదవండి.

(ఇండియాలో ఉండి ఇది చదువుతున్నవారికి: తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ మీద ఇవన్నీ చేయాలని మనసు లాగుతుంది, తెలుసు. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశించిన రూపాన్ని మార్చడానికి ఒప్పుకోదు. ముందు రవాణా శాఖను అడగండి.)

పని జరిగే తీరు

ఇద్దరు మనుషులు, ఒక పూట సమయం, మూడు టన్నులు మోసే జాకీ, అంత బలమైన స్టాండ్లు రెండు, బిగింపును కొలిచే టార్క్ రెంచి కావాలి. ఇవి లేకపోతే మెకానిక్కు దగ్గరికి వెళ్లండి, అందులో చిన్నతనం లేదు. కింద చెప్పేది స్పేసర్ పద్ధతి.

వెనుక చక్రాలకు ముందూ వెనుకా అడ్డుదిమ్మలు పెట్టండి. ముందు చక్రాల నట్లను నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి, అప్పుడు బండిని లేపి, చట్రం కింద స్టాండ్లు పెట్టి కూర్చోబెట్టండి. ఒట్టి జాకీ మీద నిలిచిన బండి కిందికి చేతివేలు కూడా పోనివ్వవద్దు. చక్రాలు తీశాక బ్రేకు గొట్టాన్ని, ఏబీఎస్ తీగను పట్టుకుని ఉన్న క్లిప్పులు విప్పండి. లేకపోతే చక్రం కిందికి వేలాడినప్పుడు అవి సాగి తెగుతాయి. ఆ తరువాత స్వే బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీ) లింకు, స్టీరింగు టై రాడ్ కొస, పై చేయి బాల్ జాయింటు విప్పాలి. చక్రం మోసే భాగాన్ని తీగతో పైనుంచి కట్టి ఉంచండి. అది బయటికి ఒరిగితే ఇరుసు లోపలి జాయింటు ఊడి వస్తుంది, ఆ రోజుకు పని ఆగినట్టే.

ఇప్పుడు స్ట్రట్ కింద ఉన్న నట్లు, పైన చుట్టూ ఉన్న మూడు నట్లు విప్పితే స్ట్రట్ చేతికి వస్తుంది. పైన నడిమధ్య ఒక నట్టు కనిపిస్తుంది. దాన్ని ముట్టుకోవద్దు. నొక్కిపెట్టి ఉన్న స్ప్రింగును ఆపి ఉంచేది ఆ ఒక్క నట్టే. వదులైతే తుపాకీ గుండులా ఎగిరి ప్రాణం తీస్తుంది. దిమ్మను పైనున్న బోల్టులకు బిగించి, స్ట్రట్‌ను వచ్చిన దారినే లోపలికి పంపండి. కింద బోల్టు కన్నాలు కలవకపోతే కింది చేయిని జాకీతో మెల్లగా ఎత్తి కలపాలి, సుత్తితో కాదు. విప్పిన ప్రతి నట్టునూ ఆ మోడల్ సర్వీసు పుస్తకంలో చెప్పిన అంకెకు బిగించండి. రబ్బరు బుష్‌లు ఉన్న చేతుల బోల్టులు వదులు చేసి ఉంటే, బండి నేల మీద నిలిచాకే చివరి బిగింపు. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే ఆ రబ్బరు ఎప్పుడూ మెలిపడి ఉండి త్వరగా చిరుగుతుంది.

రిమ్ములు కూడా మారిస్తే, పాత రిమ్ముల్లోని గాలి సెన్సార్లను కొత్తవాటిలోకి మార్పించడం మరువకండి. చక్రపు నట్లను నక్షత్రం ఆకారపు వరుసలో బిగించాలి. ఎఫ్-150కి 150 పౌండ్-అడుగులు. యాభై, వంద మైళ్లు తిరిగాక మళ్లీ చూడాలి. తరువాత స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి, ముందుకు, వెనక్కి నడిపి ఎక్కడైనా రాపిడి వినిపిస్తుందేమో గమనించండి. చాలా బండ్లలో రివర్సులో తిప్పినప్పుడు దొరికిపోతుంది.

అలైన్‌మెంట్, దీపాలు

నా రెండో తప్పు: వారాంతం వస్తుంది కదా అని వీల్ అలైన్‌మెంట్‌ను నెల రోజులు వాయిదా వేశాను. బండి తిన్నగానే పోతోంది, ఇంకేం అనుకున్నాను. ముందుభాగం లేచినప్పుడు చక్రాల వాలూ, అవి ఎదురెదురుగా చూసే తీరూ మారిపోతాయి. కొత్త టైర్ల అంచులు చెయ్యి పెడితే రంపంలా తగిలేదాకా నాకు అర్థం కాలేదు. కిట్ వేసిన రోజే, నేరుగా అలైన్‌మెంట్ షాపుకు వెళ్లండి. కాస్టర్ (చక్రం స్టీరింగుకు తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) అంకె ఎంత వచ్చిందో కాగితం అడిగి తీసుకోండి. అది తగ్గితే మలుపు తరువాత స్టీరింగు తనంతట తాను తిన్నగా రాదు. ముందు రాడారు, అద్దం మీది కెమెరా ఉన్న బండ్లలో వాటిని కూడా సరిచేయించాలి.

హెడ్‌లైట్ల గురించి చాలామంది పట్టించుకోరు, ఎదురుగా వచ్చేవారు మాత్రం తిట్టుకుంటారు. నా బండికి ముందు చక్రానికి, వెనుక చక్రానికి మధ్య దూరం 145 అంగుళాలు. ముందు ఒకటిన్నర అంగుళం లేపితే, నూరు అడుగుల దూరంలో వెలుగు ఒక అడుగు పైకి పోతుంది. అంటే నేరుగా ఎదుటి కారు డ్రైవరు కళ్లలోకి. కిట్ వేయకముందే బండిని గోడకు 25 అడుగుల దూరంలో నిలిపి, దీపం నడిమి ఎత్తును, గోడ మీద వెలుగు పై అంచు ఎత్తును కొలవండి. ఆ రెండింటి తేడాను రాసి పెట్టుకోండి. పని అయ్యాక, దీపం వెనుక ఉండే మరను తిప్పి అదే తేడా వచ్చేలా దించండి. స్పీడోమీటరును డీలరు సరిచేస్తాడు. ఫోర్డ్ బండ్లకైతే ఫోర్‌స్కాన్ అనే సాఫ్ట్‌వేరుతో సొంతంగానూ చేసుకోవచ్చు.

బండి మోయగల బరువు మాత్రం ఒక్క పౌండు కూడా పెరగదు. పెద్ద టైర్లు, దిమ్మలు తెచ్చిన అదనపు బరువు మేర తగ్గుతుంది. ఎప్పుడైనా ట్రెయిలరు తగిలించవలసి వస్తే, బరువును ముందు ఇరుసుకు కూడా పంచే హిచ్ వాడండి.

చివరగా, మా ఇంట్లో తేలిన సంగతి. ఒకటిన్నర అంగుళం కిట్‌తో లేచింది, టైరుతో ఇంకో అర అంగుళం. నాకది లెక్కలోకి రాలేదు. ఆ వేసవిలో ఊరి నుంచి వచ్చిన అమ్మ తలుపు పిడి పట్టుకుని ఒక కాలు ఎత్తి, మళ్లీ దించి, "ఇది ఎక్కాలంటే ముక్కాలి పీట తేవాలిరా" అంది. మర్నాడే తలుపుల కింద పొడవాటి మెట్లు వేయించాను. వాటి ఖర్చునూ మొదటే లెక్కలో వేసుకోండి.