కొత్త సర్వర్‌కి బిల్లింగ్ సిస్టమ్‌లు కనెక్ట్ కాకపోతే

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో పాత విండోస్ సర్వర్ తీసేసి ఉబుంటు (లినక్స్) సర్వర్ పెట్టాను. బిల్లింగ్ లెక్కలు దాచే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ కూడా 5.7 వెర్షన్ నుంచి 8.0కి మారింది. రాత్రి డేటా ఎక్కించి సర్వర్ మీదే చూస్తే అంతా బాగుంది. పొద్దున గుమస్తాలు నాలుగు సిస్టమ్‌లు ఆన్ చేస్తే ఒక్కటీ కనెక్ట్ కాలేదు. టిక్కీల (మిర్చి బస్తాల) కాటా అయిపోయింది, పట్టీల (లెక్క చీటీల) కోసం రైతులు నిలబడి ఉన్నారు. "పాతదే మళ్లీ పెట్టేయరాదా బాబూ?" అన్నారు షావుకారు గారు.

అలాంటప్పుడు టెన్షన్‌లో కనబడిన సెట్టింగల్లా మార్చకండి. ఎర్రర్ నంబరు కాగితం మీద రాసుకోండి. క్లయింట్, అంటే కౌంటర్ సిస్టమ్, ఎంతదూరం వెళ్లి ఆగిందో ఆ నంబరే చెబుతుంది.

2003 అని వస్తే మైఎస్‌క్యూఎల్‌తో ఇంకా మాటే కలవలేదన్నమాట. పాస్‌వర్డ్ జోలికి పోనక్కర్లేదు. పక్కనే బ్రాకెట్లో ఇంకో నంబరుంటుంది. అది 10060 అయితే, చాలాసేపు తిరిగి తిరిగి వస్తుంది. ఐపీ తప్పు కొట్టి ఉంటారు, లేదా ఫైర్‌వాల్ ఆపుతోంది. 10061 అయితే వెంటనే వచ్చేస్తుంది. మెషిన్ దొరికింది గానీ 3306 పోర్టులో (మైఎస్‌క్యూఎల్‌కి వెళ్లే తలుపు నంబరు) వినేవాళ్లు లేరని అర్థం.

మాకు వచ్చింది 10061. విండోస్‌లో మైఎస్‌క్యూఎల్ మామూలుగా అన్ని ఐపీల మీదా వింటుంది. ఉబుంటు ప్యాకేజీలో మాత్రం బైండ్ అడ్రస్ 127.0.0.1 అని రాసి వస్తుంది, అంటే ఆ సర్వర్ తన మాట తాను తప్ప బయటివాళ్ల మాట వినదు. రాత్రి సర్వర్ మీద పనిచేసింది, పొద్దున కౌంటర్ల నుంచి పనిచేయనిది ఇందుకే. సర్వర్‌లో ఏ పోర్టులో ఎవరు వింటున్నారో చూపించే ఎస్ఎస్ (ss) కమాండ్ కొడితే 3306 పక్కన ఏ ఐపీ ఉందో తెలిసిపోతుంది. కాన్ఫిగ్ ఫైల్లో 127.0.0.1 పక్కన కామా పెట్టి సర్వర్ లాన్ (కొట్టు లోపలి నెట్‌వర్క్) ఐపీ కూడా రాసి, సర్వీస్ రీస్టార్ట్ చేశాను. ఇలా రెండు ఐపీలు ఇవ్వడం 8.0.13 నుంచే కుదురుతుంది. ఆ ఐపీ మారకుండా ముందే స్టాటిక్ చేసి పెట్టుకోండి.

ఫైర్‌వాల్ ఆన్‌లో ఉంటే మీ లాన్ ఐపీలకు మాత్రమే 3306 తెరవండి. ఇంటి నుంచి చూసుకోవాలని రౌటర్లో ఆ పోర్టు ఇంటర్నెట్‌కి మాత్రం ఎప్పుడూ తెరవకండి. అది రైతుల లెక్కల పుస్తకాన్ని రోడ్డు మీద పెట్టడమే.

తర్వాత 1130 వచ్చింది. ఇది మంచి కబురు, ఎందుకంటే మైఎస్‌క్యూఎల్ దాకా చేరాం. మైఎస్‌క్యూఎల్‌కి యూజర్ అంటే పేరొక్కటే కాదు, ఎక్కడి నుంచి వస్తున్నాడన్నది కూడా. లోకల్‌హోస్ట్‌కి, అంటే సర్వర్ మీద నుంచే రావడానికి, చేసిన యూజర్ కౌంటర్ సిస్టమ్‌కి పనికిరాడు. అన్ని హక్కులూ ఉన్న రూట్ యూజర్‌కి అన్నిచోట్ల నుంచీ అనుమతి ఇచ్చేయమని చాలామంది చెబుతారు, వినకండి. మీ లాన్ ఐపీలు 192.168.1తో మొదలైతే, 192.168.1.% అని చోటు ఇచ్చి కొత్త యూజర్‌ని చేసి, బిల్లింగ్ డేటాబేస్ ఒక్కదానికే హక్కులివ్వండి.

రెండు సిస్టమ్‌లలో 2059 వచ్చింది. 8.0లో పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతి మారింది, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ని డేటాబేస్‌తో కలిపే పాత ఓడీబీసీ డ్రైవర్‌కి అది తెలియదు. కొత్త డ్రైవర్ వేస్తే సరిపోతుంది. అయితే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ 32 బిట్ అయితే డ్రైవర్ కూడా 32 బిట్‌దే వేయాలి, విండోస్ 64 బిట్ అయినా సరే. యూజర్‌ని పాత పద్ధతికి మార్చి గట్టెక్కవచ్చు గానీ, 9.0లో దాన్ని పూర్తిగా తీసేశారు. ఇవాళ తప్పించుకుంటే రేపటి అప్‌గ్రేడ్‌లో ఇదే తంటా.

పదకొండు గంటలకల్లా పట్టీలు ప్రింటవుతున్నాయి. మధ్యాహ్నం ఒక రిపోర్టులో మాత్రం 1146 వచ్చింది, టేబుల్ లేదని. టేబుల్ ఉంది! పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా విండోస్ పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది. దీని సెట్టింగ్ 8.0లో డేటా డైరెక్టరీ మొదటిసారి తయారుచేసేటప్పుడే పెట్టాలి, తర్వాత మార్చనివ్వదు. అందుకే ఆ రాత్రి కొట్టు కట్టేశాక పూర్తి బ్యాకప్ తీసి, ఆ సెట్టింగ్‌తో కొత్త డైరెక్టరీ చేసి, డేటా మళ్లీ ఎక్కించాను. మీరు విండోస్ నుంచి లినక్స్‌కి మారుతుంటే ఈ పని మొదటి రాత్రే చేసుకోండి.