తియ్యగా మారిపోయిన నా నవలను ఎలా సరిచేసుకున్నాను

నాన్న ఉద్యోగం పోయిన ఆ రెండేళ్ల గురించి నవల మొదలుపెట్టాను. 120 పేజీలయ్యాక చదువుకుంటే అంతా తియ్యగా ఉంది. డబ్బు లేకపోయినా ఎంత సంతోషంగా ఉండేవాళ్లమో అన్న మాటే ప్రతి అధ్యాయం చివరా. అమ్మ పడిన టెన్షన్ ఒక్క పేజీలోనూ లేదు. చాలా బాధేసింది.

తప్పు కథలో లేదు, చెప్పే గొంతులో ఉంది. పెద్దయ్యాక వెనక్కి తిరిగి చూస్తున్న నాకు ఆ కష్టం గట్టెక్కుతుందని ముందే తెలుసు. ఆ ఇంట్లో వాళ్లకు తెలియదు కదా! అందుకే కథను 9 ఏళ్ల పిల్ల చేత చెప్పించాను. తను చూసింది చెబుతుంది, అర్థం చెప్పదు.

ఉదాహరణకు, నాన్న రోజూ పొద్దున్నే బూట్లు పాలిష్ చేసుకునే సన్నివేశం. డబ్బా ఎప్పుడో ఖాళీ అయింది. అయినా బ్రష్‌తో అడుగంతా గీకి, తోలు మీద రుద్ది, ఎప్పటి టైముకే బయటికి వెళ్లేవాడు. పాలిష్ అయిపోయిందని నాన్నకు గుర్తు చేయాలనుకుంటుంది పిల్ల, అంతే. దాని కింద నేను రాసిన నాలుగు వాక్యాల వివరణ కొట్టేశాను.

ఇంకో పని చేశాను. ఆ కుటుంబం జమాఖర్చులు నెలనెలా ఒక నోటుబుక్కులో రాసుకున్నాను: అద్దె, ఫీజు, మందులు, వడ్డీ. ఏ నెల ఏది వాయిదా పడిందో అదే ఆ అధ్యాయానికి కథ అయింది. నవ్వులు కూడా ఉన్నాయి, తీసేయలేదు. కాకపోతే ఇప్పుడవి అప్పులాయన తలుపు కొట్టే లోపు నవ్విన నవ్వులు.

ప్రస్తుతం ఫీజు కట్టలేని నెల రాస్తున్నాను.