చిన్న తెగ జనాభా లెక్కను జనగణనలో వెతకడం ఎలా?

మందస కొండల్లోని సవర గూడకు రోడ్డు అడిగినా, విజయనగరం గదబ పిల్లలకు బడి అడిగినా అధికారులు మొదట వేసే ప్రశ్న ‘మీరు ఎంతమంది?’ అనే. నోటికొచ్చిన అంకె రాస్తే న్యాయమైన అర్జీ కూడా అక్కడే నీరుగారిపోతుంది. సరైన అంకెను ఎవరైనా వెతుక్కోవచ్చు. పట్టికలన్నీ జనగణన శాఖ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి.

ముందుగా మీ సముదాయం ఎస్సీ, ఎస్టీ జాబితాల్లో ఉందో లేదో చూసుకోండి. స్వాతంత్ర్యం తర్వాత జరిగిన జనగణనలు ఆ జాబితాల్లోని కులాలనూ తెగలనూ మాత్రమే పేరుపేరునా లెక్కించాయి. తూర్పు కాపు, కాళింగ, కొప్పుల వెలమ వంటి కులాలకు 1931 తర్వాత జనగణన ప్రచురించిన కులవారీ లెక్క లేదు. సభల్లో వినిపించే లక్షల అంకెలు అంచనాలే, వాటిని అంచనాలుగానే రాయాలి. 2027 జనగణనలో కులాన్నీ నమోదు చేయాలని కేంద్రం నిర్ణయించింది.

ఎస్టీ అయితే 2011 పట్టికల్లో ‘ఎ-11 అనుబంధం’ తెరవండి. తెగలవారీగా ప్రతి జిల్లా జనాభా అందులో ఉంటుంది. ఎస్సీలకు ‘ఎ-10 అనుబంధం’. వరుస పేరును చివరిదాకా చదవండి: సవర, కాపు సవర, మాలియ సవర, ఖుట్టో సవర అన్నీ కలిపి ఒకే వరుస. గదబల్లోని శాఖలదీ అదే పరిస్థితి. ఒక్క మాలియ సవరల సంఖ్య కావాలంటే ఈ పట్టికలో దొరకదు.

ఊరి లెక్కకు జిల్లా జనగణన హ్యాండ్‌బుక్ రెండో భాగం చూడాలి. ఊరి పేరు ఎదురుగా ఇళ్లు, మొత్తం జనాభా, 0-6 ఏళ్ల పిల్లలు, ఎస్సీలు, ఎస్టీలు, అక్షరాస్యులు, పనిచేసేవారు వరుసగా ఉంటారు. ఇక్కడ తెగ పేరు ఉండదు, ఎస్టీల మొత్తమే ఉంటుంది. జాతాపులు, సవరలు కలిసి ఉన్న ఊళ్లో ఆ అంకెను సగం సగం చేసి రాయకండి. చిన్న సముదాయాలకు ఎక్కువ నష్టం జరిగేది మరోచోట. పట్టికలోని ఊరు అంటే రెవెన్యూ గ్రామం. కొండ మీది గూడలు, శివారు గ్రామాలు దానిలోనే కలిసిపోతాయి. పాతిక గడపల గూడకు విడిగా వరుస లేదంటే అక్కడ మనుషులు లేరని కాదు.

తర్వాత సరిహద్దులు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. సీతంపేట, భామిని, పాలకొండ, వీరఘట్టం శ్రీకాకుళం నుంచి, సాలూరు, కురుపాం, కొమరాడ వంటి 11 మండలాలు విజయనగరం నుంచి పార్వతీపురం మన్యంలో చేరాయి. రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి విజయనగరానికి వచ్చాయి. 2011 నాటి జిల్లా అంకెను నేటి జిల్లాకు అంటగడితే ఏజెన్సీ జనాభా రెండుచోట్లా లెక్కలోకి వస్తుంది. ఇంకా వెనక్కి వెళ్తే, విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో. 1971 పట్టికల్లో ఆ పేరుతో జిల్లాయే లేదు.

మాతృభాష పట్టికను (సి-16) తెగ జనాభాకు బదులుగా వాడవద్దు. ఇంట్లో తెలుగే మాట్లాడే సవరలు, జాతాపులు ఎందరో ఉన్నారు. పైగా దేశం మొత్తం మీద పదివేలమంది కూడా మాట్లాడని భాషలను ‘ఇతరములు’లో కలిపేస్తారు.

తీరంలోని మత్స్యకార పల్లెలకు మరో జాగ్రత్త. 2011 గణన ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది. ఆ రోజులన్నీ వేటకోసం గుజరాత్‌లోని వెరావల్‌లో ఉన్నవారు సొంత ఊరి లెక్కలో ఉండరు.

అర్జీలో అంకె పక్కనే ‘2011 జనగణన, ఎ-11 అనుబంధం, నాటి విజయనగరం జిల్లా’ అని రాయండి. గూడ లెక్క కావాలంటే గ్రామ సచివాలయంలోనో, సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయాల్లోనో అడిగి, తేదీతో విడిగా జతచేయండి. రెండింటినీ ఒకే మొత్తంలో కలపకండి.