అంబలి గిన్నెల లెక్క సరిచేసుకున్న తీరు

ఒడిశాలోని పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగు పల్లెల్లో చిరుధాన్యాల ఆహార ప్రయోగానికి వివరాలు సేకరిస్తూ, గత 24 గంటల్లో ఏం తిన్నారన్న ప్రశ్నకు వచ్చిన జవాబులను నేను మొదటి నెలంతా తప్పుగా లెక్కగట్టాను. చోడి (రాగి) అంబలి రెండు గిన్నెలంటే రెండని రాసుకున్నాను. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది కనుక, పిండి అంచనా తప్పితే ఆ లెక్కంతా తారుమారవుతుంది.

“సుట్టాలొచ్చారు బాబూ, పిండి అంతే, నీళ్లే ఎక్కువ పోసినాను” అని ఒక పెద్దమ్మ చెప్పాక గాని నాకు విషయం బోధపడలేదు.

అప్పటినుంచి నిన్న వేసినంత పిండిని వండినవారి చేతనే తీయించి తూచాను. అదే కుండలో నిన్నటి అంబలి మట్టం వరకు నీళ్లు పోయించి, జవాబిచ్చినవారు తాగే సత్తుగిన్నెతో ఎన్ని గిన్నెలవుతాయో కొలిచి, తాగిన వాటా ప్రకారం పిండి బరువు రాశాను. ఇంటికి పది నిమిషాలు ఎక్కువ పట్టింది, పట్టనిమ్మనుకున్నాను.

ప్రశ్నల పత్రంలోని ‘రాగులు’ను ‘చోళ్లు’గా మార్చి, ఒడియావారి కోసం పక్కనే ‘మాండియా’ చేర్చాను. ‘పొగ తాగుతారా’ అంటే లేదన్న ముసలమ్మలే ‘అడ్డచుట్ట (నిప్పున్న కొసను నోట్లో పెట్టుకునే చుట్ట) కాలుస్తారా’ అంటే నవ్వుతూ ఒప్పుకున్నారు.

మొదటి నెల పత్రాలను మాత్రం ఊహతో దిద్దలేదు. గుర్తు పెట్టి, విశ్లేషణలో విడిగా ఉంచమని రాసి పంపాను.