మలి బరోక్‌ను, రొకోకోను కంటితో పోల్చుకోవడం ఎలా

ఐరోపా కళను కొత్తగా చూడడం మొదలుపెట్టినవారికి 1680 నుంచి 1760 వరకు గడిచిన ఎనభై ఏళ్లూ ఒకే ముద్దలా కనిపిస్తాయి. ఎటు చూసినా బంగారు పూత, మెలికలు తిరిగిన తీగలు, మబ్బుల మీద తేలే పసిపిల్లలు ఉంటారు. వీటిలో ఏది మలి బరోక్ (బరోక్ అనే కళాశైలి చివరి దశ), ఏది రొకోకో (దాని వెనుకే వచ్చిన శైలి) అని అడిగితే, అలంకారం ఎక్కువగా ఉన్నదే రొకోకో అని చెప్పేవారు చాలామంది. ఈ కొలతతో బయలుదేరితే దారి తప్పుతాము, ఎందుకంటే అలంకారంలో బరోక్ ఎవరికీ తీసిపోలేదు. ఆ కట్టడమైనా చిత్రమైనా చూసే మనిషిని ఎక్కడ నిలబెడుతోందో ముందుగా గమనించాలి. మిగిలిన గుర్తులు చాలావరకు దాన్నుంచే పుడతాయి కాబట్టి అక్కడినుంచే మొదలుపెడదాం.

రోమ్ నగరంలోని సంత్ ఇన్యాత్సియో చర్చి పైకప్పు మీద ఆంద్రేయా పోజ్జో 1691 నుంచి 1694 వరకు వేసిన చిత్రం దీనికి మంచి పాఠం. చర్చి నడిమి నేలలో ఒక గుండ్రటి చలువరాతి బిళ్ల పొదిగి ఉంటుంది. దాని మీద నిలబడి తల ఎత్తితే, గోడలు ఇంకా పైకి లేచి, స్తంభాలనూ కమానులనూ దాటి, నేరుగా ఆకాశంలోకి తెరుచుకున్నట్టు కనిపిస్తుంది. కొన్ని అడుగులు పక్కకు జరిగితే ఆ స్తంభాలన్నీ ఒరిగిపోతాయి, భ్రమ చెదిరిపోతుంది, ఎందుకంటే ఆ దృశ్యమంతా ఆ ఒక్క చోటి కోసమే లెక్క కట్టి గీసినది. చూసేవారు ఎక్కడ నిలబడాలో, ఎటు చూడాలో, దేనికి విస్తుపోవాలో ముందుగానే నిర్ణయించి పెట్టడం బరోక్ స్వభావం. వర్సెయిల్స్ రాజభవనంలోని అద్దాల మందిరం కూడా ఇదే పని చేస్తుంది. 73 మీటర్ల పొడవున, 17 కిటికీలకు ఎదురుగా 17 అద్దాల కమానులు నిలిపి, పైకప్పు నిండా ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ విజయాలను చిత్రించిన ఆ మందిరంలో నడిచివచ్చే రాయబారికి, రాజును చేరేలోపే తానెంతటివాడో తెలిసివచ్చేది.

1715లో ఆ రాజు కన్నుమూశాడు. వారసుడైన పదిహేనో లూయీ అయిదేళ్ల బాలుడు కావడంతో, అతని తరఫున పాలించే అధికారం ఓర్లియాన్ ఫిలిప్ చేతికి వచ్చింది, ఆయన కొలువును వర్సెయిల్స్ నుంచి ప్యారిస్‌కు మార్చాడు. రాజును కనిపెట్టుకుని ఉండవలసిన పని తప్పిన ప్రభువంశాలవారు నగరంలో సొంత ఇళ్లు కట్టించుకుని, కబుర్లకూ సంగీతానికీ పేకాటకూ పనికివచ్చే చిన్న గదులు అమర్చుకున్నారు. రొకోకో పుట్టినది ఇలాంటి గదుల్లోనే. దీనికి నమూనా కావాలంటే, ఇప్పుడు ఫ్రాన్స్ జాతీయ దస్తావేజుల భండారానికి చెందిన ఓతెల్ ద సూబీజ్ అనే భవనంలో జెర్మాన్ బొఫ్రాన్ 1730లలో రూపొందించిన కోడిగుడ్డు ఆకారపు గదిని చూడాలి. కిటికీ, తలుపు, అద్దం మూడూ ఒకే రకం కమానులో ఒదిగి ఉంటాయి. గోడ ఎక్కడ ముగిసిందో, పైకప్పు ఎక్కడ మొదలైందో చెప్పలేము, ఎందుకంటే ఆ సందులోనే షార్ల్ నాత్వార్ వేసిన, సైకీ అనే పురాణకన్య కథాచిత్రాలు కూర్చుని ఉంటాయి. ఎక్కడ నిలబడినా గది మన చుట్టూ ఒకేలా తిరుగుతుంది. ఫొటోలో చూసేటప్పుడు కూడా, ఈ గదిలో నన్ను ఎక్కడ కూర్చోమంటున్నారు అని అడగండి. జవాబుగా ఒకే చోటు తోస్తే అది బరోక్ వైపు మొగ్గుతుంది. ఎక్కడైనా సరే అనిపిస్తే రొకోకో వైపు మొగ్గుతుంది.

తర్వాత గీతను పరీక్షించాలి. రొకోకో అన్న పేరు రొకాయ్ అనే ఫ్రెంచి మాటతో ముడిపడి ఉంది. తోటల్లో కట్టే కృత్రిమ గుహలకు ఆల్చిప్పలూ రాళ్లూ అతికి చేసే అలంకరణను ఆ మాటతో పిలిచేవారు. అద్దం చట్రాన్నో గోడ మీది గారపనినో తీసుకుని, నిలువునా సగం అరచేత్తో కప్పి చూడండి. కనిపిస్తున్న సగాన్ని బట్టి కప్పిన సగాన్ని ఊహించగలిగితే, అక్కడ సౌష్ఠవం ఇంకా పాత పద్ధతిలోనే ఉన్నదని అర్థం. ఊహించలేకపోతే, అంటే ఒక వైపు ఆల్చిప్ప అంచు అలలా లేచి రెండో వైపు ఆకుగా మారిపోతే, అది నిఖార్సయిన రొకోకో గీత. అయితే కొంచెం ఆగాలి: చట్రాలు సౌష్ఠవం తప్పినా గది మొత్తం అమరికలో సమతూకం పోదు, కాబట్టి గదిని ఈ పరీక్షకు పెట్టకూడదు. కుర్చీలను మాత్రం తప్పక చూడాలి. పద్నాలుగో లూయీ కాలపు కుర్చీ కాళ్లను ఒకదానితో ఒకటి కలుపుతూ కింద అడ్డకర్రలు ఉంటాయి. పదిహేనో లూయీ కాలం వచ్చేసరికి కాలు ఎస్ ఆకారంలో వంపు తిరిగింది, అడ్డకర్ర క్రమంగా మాయమైంది. కుర్చీ నేల మీద మోపినట్టు కాక, మునివేళ్ల మీద నిలబడినట్టు కనిపిస్తుంది.

రంగు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ముదురు ఎరుపు, నలుపు, బరువైన బంగారం ఎక్కువగా బరోక్‌వి. లేత గులాబి, ఆకాశనీలం, మీగడ తెలుపు, వెండి రొకోకోవి. ఈ గుర్తు ఒక్కటే మిగతావాటిని కాదని చెబుతున్నప్పుడు మాత్రం దీన్ని నమ్మవద్దు, ఎందుకంటే వార్నిషు పసుపు తిరిగిన చిత్రం ఎవరినైనా మోసం చేస్తుంది.

ఈ మార్పంతా ఒకే చిత్రంలో చూడదలచుకున్నవారు ఫ్రెంచి చిత్రకారుడు ఆంత్వాన్ వాతో 1720లో వేసిన జెర్సాన్ దుకాణపు బోర్డు దగ్గర తీరిగ్గా కూర్చోవాలి. ఇది ఇప్పుడు బెర్లిన్‌లోని షార్లొటెన్‌బుర్గ్ భవనంలో ఉంది. ప్యారిస్‌లో నోత్ర్‌దామ్ వంతెన మీద చిత్రాలు అమ్ముకునే జెర్సాన్ అనే వర్తకుడి కోసం వాతో దీన్ని ఎనిమిది రోజుల్లో, ఉదయం పూట మాత్రమే పని చేసి, పూర్తి చేశాడని ఆ వర్తకుడే రాసిపెట్టాడు. మరుసటి ఏడాది జూలైలో, ముప్పై ఏడు నిండకుండానే, వాతో చనిపోయాడు.

చిత్రంలో దుకాణానికి ముందు గోడ లేదు, వీధి రాళ్ల మీది నుంచి చూపు సూటిగా లోపలికి పోతుంది. ఎడమ వైపు ఒక స్త్రీ మనకు వీపు చూపిస్తూ గడప ఎక్కుతోంది. ఆమె తొడుక్కున్న గులాబి పట్టు గౌను మడతల మీద వెలుగు పడే తీరును పెద్ద ఫొటోలో దగ్గరగా చూడండి. మడత పైభాగంలో తెలుపు, పక్కనే లేత ఊదా, లోతులో బూడిద రంగు కనిపిస్తాయి. కుంచె ఎక్కడా ఆగి సరిదిద్దుకోలేదు. ఇప్పుడు ఆమె తల ఎటు తిరిగి ఉందో గమనించండి. పనివాళ్లు ఒక పటాన్ని గడ్డి పరిచిన పెట్టెలోకి దింపుతున్నారు, అది పద్నాలుగో లూయీ పటం. నేను ఈ చిత్రాన్ని మొదటిసారి పుస్తకంలో చూసినప్పుడు ఆ గౌను దగ్గరే ఆగిపోయి పెట్టెను గమనించనే లేదు. అది కంటపడ్డ తర్వాత ఈ చిత్రం నాకు మునుపటిలా కనిపించలేదు. ఆ దుకాణం పేరే "గొప్ప చక్రవర్తి" కాబట్టి అక్కడ ఆ పటం ఉండడానికి మామూలు కారణమే ఉంది. అయినా వెళ్లిపోతున్న కాలాన్ని, దుకాణంలోకి అడుగుపెడుతున్న కాలాన్ని ఇంత నిశ్శబ్దంగా పక్కపక్కన పెట్టిన చిత్రం మరొకటి నాకు తెలియదు. కుడి వైపు కొనుగోలుదారులు కోడిగుడ్డు ఆకారపు పటాన్ని కళ్లకు ఆనించుకున్నంత దగ్గరగా చూస్తున్నారు. రొకోకోను చూడవలసిన దూరం అదే.

ఇక విషయం సంగతి. వాతో 1717లో ఫ్రాన్స్ రాజ చిత్రకళా అకాడమీకి సమర్పించిన సిథేరా దీవి (ప్రేమదేవత వీనస్ దీవి) యాత్ర చిత్రం ప్రస్తుతం లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అందులో వీరుడు లేడు, యుద్ధం లేదు, జంటలు జంటలుగా మనుషులు లేచి నడుస్తున్నారు. ఫ్రాంస్వా బూషే, ఆయన శిష్యుడు ఫ్రాగొనార్ ఈ విలాసపు లోకాన్ని 1760ల దాకా నడిపించారు. లండన్‌లోని వాలెస్ సేకరణలో ఉన్న ఫ్రాగొనార్ ఉయ్యాల చిత్రం 1767 నాటిది.

ఇంతవరకు చెప్పినదంతా ఫ్రాన్సుకు సరిపోతుంది కానీ, జర్మన్ ప్రాంతాలకు దాటగానే కొలతలు సవరించుకోవాలి. అక్కడ రొకోకో చిన్న గదికి కట్టుబడి ఉండలేదు, చర్చిలోకీ రాజభవనపు మెట్ల మీదకీ వ్యాపించింది. బవేరియా పచ్చిక బయళ్ల నడుమ దొమినికుస్ త్సిమర్‌మన్ 1745 నుంచి 1754 వరకు కట్టిన వీస్ యాత్రాచర్చి బయటనుంచి సాదా ఇల్లులా ఉంటుంది, లోపల తెల్లటి గారపని నురగలా పొంగుతుంది. వుర్ట్స్‌బర్గ్ రాజభవనంలో బాల్తజార్ నోయ్‌మన్ నడుమ ఒక్క స్తంభమూ లేకుండా కప్పిన మెట్లశాల పైకప్పు మీద జ్యొవాన్నీ బత్తిస్తా త్యేపొలో 1752–53లో నాలుగు ఖండాలను చిత్రించాడు. సందర్శకుడు మెట్లెక్కుతూ మొదట అమెరికాను చూస్తాడు, మలుపు దగ్గర వెనక్కు తిరిగాకనే ఐరోపా కనిపిస్తుంది. ఆ భవనపు దొరగారిని కీర్తించడం, రాకను ఊరేగింపుగా మార్చడం పూర్తిగా బరోక్ ఉద్దేశాలు; లేత రంగులు, ఖాళీగా వదిలిన విశాలమైన ఆకాశం రొకోకోవి. ఇలాంటిచోట ఒకే పేరు పెట్టాలని పట్టుబట్టకుండా, ఉద్దేశం ఏ కాలానిదో, చేతిపని ఏ కాలానిదో విడివిడిగా రాసుకోవడం మేలు.

ఈ కాలపు దుస్తుల దగ్గర తెలుగువారు కొంచెం నిదానించాలి. కృష్ణా తీరపు చిరివేరు అనే మొక్క వేరు నుంచి తీసిన ఎరుపుతో అద్దిన నూలుబట్టలు మచిలీపట్నం వంటి కోరమాండల్ రేవుల నుంచి ఐరోపాకు చేరి ఎంతగా చెలామణీ అయ్యాయంటే, తమ పట్టు, ఉన్ని నేతగాళ్లకు నష్టమని ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా కొనసాగింది, అంటే రొకోకో కాలం దాదాపు అంతా. అయినా ప్రభువంశపు స్త్రీలు వాటిని కడుతూనే వచ్చారు. ఉతికినా వెలవని రంగు, తేలికైన బట్ట, తెల్లటి నేల మీద పాకే పూలతీగ ఆ కాలపు అభిరుచికి సరిగ్గా అతికాయి. మ్యూజియం ఫొటోల్లో అలాంటి గౌను కనిపిస్తే, మూల దేశం అన్న వరుసను తప్పకుండా చదవండి.

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో ఐరోపా సామాన్లు, పింగాణీ ఉన్న గదులు ఈ పరీక్షలకు అనువైనవి. కానీ ఎక్కడి సేకరణలోనైనా ఒక జాగ్రత్త అవసరం. 19వ శతాబ్దంలో రొకోకోను అనుకరిస్తూ విరివిగా వస్తువులు తయారయ్యాయి. వాటిలో చెక్కుడు దట్టంగా, బరువుగా ఉంటుంది. అరచేతి పరీక్ష పెడితే రెండు సగాలూ అద్దంలో ప్రతిబింబంలా సరిపోవడం తరచుగా కనిపిస్తుంది. పేరుపలకలో "శైలి" అని ఉన్నదా, "కాలం" అని ఉన్నదా చూడాలి, ఈ రెండూ ఒకటి కావు.

చివరగా, ఎక్కడ ఆగాలో తెలియాలి. రాగి గిన్నెనూ ఉల్లిపాయలనూ నిశ్చలంగా చిత్రించిన షార్దాన్ బూషేకు సమకాలికుడే అయినా, ఆయనను రొకోకో చిత్రకారుడని పిలవడం నాకు సమ్మతం కాదు. తేదీ కలిసినంత మాత్రాన చూపు కలవదు. 1748లో, అగ్నిపర్వతం కింద పూడిపోయిన పురాతన రోమన్ నగరం పాంపేయీలో తవ్వకాలు మొదలయ్యాక పురాతన రోమ్ మీద మోజు పెరిగింది, వంపుల మీద విసుగు పుట్టింది. వర్సెయిల్స్ తోటలో 1762 నుంచి 1768 వరకు కట్టిన పెటీ త్రియనాన్ అనే చిన్న భవనం ముఖభాగంలో సరళరేఖలు తప్ప మెలిక లేదు. అక్కడినుంచి కుర్చీల వైపు మళ్లీ చూస్తే, కాలు వంపు పోయి, నిలువు గాడులతో, కిందికి సన్నబడుతూ తిన్నగా దిగుతుంది. అలాంటి కాలు కనిపించిన వస్తువుకు రొకోకో అన్న పేరు పెట్టవద్దు.